కూర్చోవడం నిషేధం

మళ్లీ అదే ప్రశ్నా సార్? పొద్దుట్నుంచి ఇది మూడోసారి. "ఎవరు రాశారు? ఎవరు రాశారు?" నేనేమో చెప్పనంటున్నాను. ఈవిడకి వయసైపోయింది, ప్రశ్న బుర్రకెక్కట్లేదు అనుకుంటున్నారేమో. బాగానే ఎక్కింది. చెప్పను, అంతే.

ఆ కాగితం అలా ఊపకండి, చిరుగుతుంది. అది నా క్లాసు కాగితం. మొన్న శనివారం భోజనాలయ్యాక క్యాంటీన్లో అరగంట పాఠం చెప్పి, రాయించి, అక్కడే ఒకసారి చదువుకుని, ఇంటికెళ్లి దిద్దుదామని సంచిలో పెట్టుకున్నాను. నేను చెయ్యి కడుక్కొచ్చేలోపు మీ సూపర్‌వైజరు సంచిలో చెయ్యి పెట్టాడు. అలా పెట్టడాన్ని ఏమంటారో అతనికి తెలీదా? నా క్లాసుకి రమ్మనండి, చెబుతాను.

నీళ్లా? వద్దండీ, మీరే తాగండి. మీ మొహానికి చెమటలు పట్టాయి.

మీరు మేనేజరుగా వచ్చి నాలుగు నెలలు. నేను ఈ షర్టుల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు టైపిస్టుని. అదిగో, ఆ అద్దాల గదిలో, కిటికీ పక్కనుండేది నా బల్ల. రిటైరై రెండేళ్లయింది. ఇంట్లో ఊరికే ఉండలేక, దారాలు కత్తిరించేవాళ్లకీ, చెకింగ్ వాళ్లకీ, ఇస్త్రీ వాళ్లకీ, ప్యాకింగ్ వాళ్లకీ నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెబుతానన్నాను. మీ కంపెనీవాళ్లు ఎగిరి గంతేశారు. ఎందుకెయ్యరు? జీతం అడగని టీచరు! పైగా షర్టులు కొనే విదేశీ కంపెనీలవాళ్లు వచ్చినప్పుడు చూపించుకోవచ్చు, మా దగ్గర ఆడవాళ్లకి చదువు చెప్పిస్తున్నాం అని. మీ వెనకాల గోడమీద ఆ ఫోటో ఉంది చూడండి. నల్లబోర్డు పక్కన నిలబడింది నేనే. పళ్లన్నీ కనిపించేట్టు నవ్వుతున్నాను.

సరే, మాట గురించి అడిగారు. అన్ని మాటలుండగా ఆ మాటే ఎందుకు చెప్పావని.

నేనెంచుకోలేదు సార్. వాళ్లడిగారు. మీ ఫ్యాక్టరీలో ఎన్ని ఎర్ర బోర్డులున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఏ బోర్డు చూసినా చివర ఆ మాటే. ప్రొహిబిటెడ్. మాట్లాడటం ప్రొహిబిటెడ్. ఈ తలుపులోంచి వెళ్లడం ప్రొహిబిటెడ్. దాని కిందే రోజంతా బతికేవాళ్లు, అదేంటో తెలుసుకోవద్దూ? "ఆ పొడుగుమాట చెప్పండి టీచరమ్మా" అన్నారు. చెప్పాను.

ప్రొహిబిట్ అంటే నిషేధించడం. అని చెప్పానో లేదో, ఇస్త్రీ చేసే ఆవిడ లేచి, "నిషేధించడం అంటే ఏంటి టీచరమ్మా?" అంది. సరిపోయింది! తెలుగు మాటకి మళ్లీ తెలుగు చెప్పాల్సొచ్చింది.

అప్పుడు ఇంట్లోంచి మొదలుపెట్టాను. అమ్మ "ఎండలో ఆడకురా" అంటుంది చూడండి, అది కాదు. దానికి ఇంగ్లీషులో వేరే మాటుంది, ఫర్బిడ్ అని. అలా వద్దన్నవాళ్ల గడ్డం పట్టుకోవచ్చు, అలగొచ్చు, అన్నం మానేసి బెదిరించొచ్చు. ప్రొహిబిట్ అలా కాదర్రా. అది ఆఫీసు మాట. చట్టం అనే మాట, ఆస్పత్రి అనే మాట, కంపెనీ అనే మాట. బతిమాలదామంటే ఎదురుగా మనిషి కనబడడు. కానీ ఎవరో ఒకరు ఉండాలి. ఎవరు వద్దన్నారు, ఏ రోజు వద్దన్నారు, కింద ఎవరి సంతకం, అవన్నీ ఉంటేనే ఆ మాటకి విలువ. లేకపోతే గోడమీద రంగు, అంతే.

ఇలాగే చెప్పాను, అక్షరం పొల్లుపోకుండా. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

వాడకం కూడా నేర్పాను. ఫలానావాళ్లని ఫలానా పని చెయ్యకుండా ప్రొహిబిట్ చేశారు అనాలి, మధ్యలో "ఫ్రమ్" మర్చిపోకండర్రా అని నూరుసార్లు మొత్తుకున్నాను. తలా రెండు వాక్యాలు రాయమన్నాను. ఇరవై ఒక్కమందిలో పందొమ్మిదిమంది ఆ ముక్క మింగేశారు. నా ఖర్మ!

కానీ ఏం రాశారనుకున్నారు! చదువుతుంటే నా కడుపు చెక్కలైంది. ఒకావిడ రాసిందీ, "డాక్టరు ఉప్పు నిషేధించాడు, నా నాలుక డాక్టర్ని నిషేధించింది" అని. ఇంకొకావిడ, "మా అత్తగారు నన్ను నవ్వకుండా నిషేధించింది, అందుకని ఫ్యాక్టరీకొచ్చి నవ్వుతున్నాను" అని. ప్యాకింగ్‌లో ఉంటుంది చూడండి, అందరూ గంట అని పిలుస్తారు, గొంతు అంత పెద్దది, ఆవిడేం రాసిందంటే, "మా అబ్బాయి నన్ను వాళ్ల బడికి రాకుండా నిషేధించాడు, నా చెప్పులు బాగోవట." అది చదివి నవ్వాలో ఏడవాలో నాకు తెలీలేదు సార్.

ఇవన్నీ వదిలేసి మీరు ఆ ఒక్క కాగితం పట్టుకున్నారు.

ఏదీ, ఇలా ఇవ్వండి. ఇవ్వరా? సరే, నాకు నోటికొచ్చు. "బోర్డు నన్ను కూర్చోకుండా నిషేధించింది. నా కడుపులో బిడ్డ కూర్చునే ఉంది. దాన్నెవరూ నిషేధించలేరు." మూడు వాక్యాలు. నేను రెండు రాయమంటే మూడు రాసింది. ఒక్క తప్పు లేదు, "ఫ్రమ్" కూడా పెట్టింది. నేనైతే పదికి పది వేసేదాన్ని.

మీరేమో ఉద్యోగం తీసేస్తానంటున్నారు.

కాగితం మీద పేరుండదు. నా క్లాసులో పేర్లు రాయించను. తప్పు రాసినవాళ్లు అందరి ముందూ సిగ్గుపడకూడదని. చేతిరాత చూసి ఎవరిదో నేను పోల్చుకుంటాను. నేనొక్కదాన్నే పోల్చుకుంటాను. అందుకేగా నన్ను ఇంటినుంచి పిలిపించారు? నిన్న ఇరవై ఒక్కమందినీ ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి అడిగారట. అందరూ ఒకటే మాటట, "నాది కాదండీ, నా రాత ఇంత బాగుండదు" అని. గంట అయితే, "కడుపులో బిడ్డా? నాకా? మీ నోట చక్కెర పొయ్యా!" అందట కదా, యాభై ఏళ్ల మనిషి. మీరు నవ్వారా లేదా? నవ్వే ఉంటారు.

ఆ పిల్ల పేరు మీ చేతికొస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మూడో నెల దాటిందని తెలిస్తే "రెస్టు తీసుకోమ్మా" అంటారు. ఆ రెస్టుకి ఇక అంతుండదు, మళ్లీ పిలుపే రాదు. అందుకేగా కడుపుతో ఉన్నవాళ్లు ఏప్రను వదులుగా కట్టుకుని, వాంతి వస్తే కుళాయి తిప్పి ఆ చప్పుళ్లో కానిస్తున్నారు? పందొమ్మిదేళ్లలో అలా వెళ్లినవాళ్లని చాలామందిని చూశాను. అలా పంపించాలని ఎక్కడ రాసుంది సార్? ఏ ఫైల్లో ఉంది? ఈ ఫ్యాక్టరీ ఫైళ్లన్నీ కట్టింది నేను. నాకెప్పుడూ కనబడలేదు.

ఏంటీ? ఆ సంగతి తర్వాత, ముందు కంపెనీ రూలుని ఎగతాళి చేసిందంటారా? కూర్చోవద్దనేది రూలంటారా?

ఓహో! అయితే ఆ రూలు కాగితం బయటికి తీయించండి. సర్క్యులరు నంబరు ఎంత? ఏ తేదీ? ఫోన్ చెయ్యండి, గుమాస్తానడగండి. చెయ్యండి పర్లేదు, నేను నిలబడే ఉంటాను. మీరు ఎలాగూ కూర్చోమనలేదుగా.

ఊఁ... వెతుకుతున్నాడా? వెతకనివ్వండి. బీరువా కింది అరలో కూడా చూడమనండి, పాపం.

లేదటగా? ఉండదు సార్. ఉంటే కదా దొరకడానికి!

అలా చూడకండి. చెబుతాను. చెప్పడానికే వచ్చాను, మీరు పిలవకపోయినా ఇవాళ వచ్చేదాన్ని.

తొమ్మిదేళ్ల కిందటి మాట. అప్పటి మేనేజరు మంచాయనే. ఒక మంగళవారం నన్ను పిలిచి, "అమ్మాయ్, గురువారం కొనేవాళ్లు వస్తున్నారు. చెకింగ్ బల్లల దగ్గర ఆడవాళ్లు స్టూళ్ల మీద కూర్చుని కబుర్లాడుతుంటే చూడ్డానికి బాగోదు. ఆ ఒక్కరోజు నిలబడమను. ఇంగ్లీషులో ఒక బోర్డు రాసి తగిలించు, వాళ్లకి కూడా మన క్రమశిక్షణ కనబడుతుంది" అన్నాడు. అని ఒక చీటీ మీద రాసి కూడా ఇచ్చాడు. నోటిమాట మీద నేను పని చెయ్యను, అది నా పద్ధతి.

కూర్చోకండి అని చిన్నమాట రాస్తే సరిపోయేది. రెండు ఇంగ్లీషు ముక్కలు. కానీ అది చంటిపిల్లలకి చెప్పినట్టుందే అనిపించింది నాకు. నాకప్పుడు ఇంగ్లీషంటే ఎంత పొగరో! డిక్షనరీ దించాను. పొడుగుమాట ఒకటి ఏరాను. బొత్తాలొచ్చే చెక్కపెట్టె మూత ఒకటి తెచ్చి, ఎర్ర రంగుతో, స్కేలు పెట్టి, అక్షరం అక్షరం దిద్దాను. సిట్టింగ్ ప్రొహిబిటెడ్. ఆయన చూసి, "భలే మాట వేశావే!" అన్నాడు. రెండ్రోజులపాటు నా కాళ్లు నేలమీద ఆనలేదంటే నమ్మండి.

అవును సార్. ఎవరు రాశారు, ఎవరు రాశారు అని పొద్దుట్నుంచి గోల పెడుతున్నారుగా. నేను రాశాను. ఆ బోర్డు నేను రాశాను.

ఉండండి, ఇంకా ఉంది. ఆ గురువారం వచ్చినవాళ్లు చెకింగ్ వైపు తొంగి కూడా చూడలేదు. ఈ గదిలోనే కూర్చుని, టీ తాగి, నమూనాలు చూసుకుని వెళ్లిపోయారు. శుక్రవారం మా వాళ్లు స్టూళ్లు లాక్కుని కూర్చోబోతే సూపర్‌వైజరు బోర్డు చూపించాడు. ఇతనే, సంచిలో చెయ్యి పెట్టినాయన. అతనికీ ఆ మాటకి అర్థం తెలీదు, ఎవరో చెబితే విన్నాడు. ఎర్రగా ఉంది, ఇంగ్లీషులో ఉంది, ఇంకేం కావాలి? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! తర్వాతి వారమే మేనేజరుకి బదిలీ అయింది. స్టూళ్లు గోడౌన్‌లోకి వెళ్లాయి. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెప్పడం మొదలుపెట్టారు, ఇక్కడ కూర్చోకూడదు, రూలు అని.

ఆ రూలు వయసు ఒక్కరోజు సార్. దాన్ని తొమ్మిదేళ్లు లాగారు.

నువ్వేం చేశావంటారా? అడగండి, అడగాల్సిన ప్రశ్న అదే. నేనేం చెయ్యలేదు. అద్దంలోంచి కనబడేది నాకు. ఒక కాలి మీద బరువు వేసి కాసేపు, ఇంకో కాలి మీద వేసి కాసేపు, బల్లకి నడుం ఆనించి కాసేపు. మీరనుకుంటారు, భయపడి ఊరుకుందని. భయం కాదండీ. సిగ్గు విడిచి చెబుతున్నాను. నేను రాసిన మాట ఒక గది గదంతా పాటిస్తోందంటే, లోపల ఎక్కడో బాగుండేది నాకు. ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు, వీధిలో లేరు. ఇక్కడ నా చెక్కముక్క మాట నూటనలభైమంది వింటున్నారు. ఆ ముచ్చట తీరేలోపు ఏళ్లు గడిచిపోయాయి. తర్వాత చెప్పాలంటే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారే అని వాయిదా వేస్తూ పోయాను. ఆ బోర్డు రాసిన రోజునుంచి రిటైరైన రోజుదాకా నేను మాత్రం కుర్చీలో కూర్చునే పని చేశాను సార్. మెత్త కూడా వేయించుకున్నాను.

ఆ చెకింగ్ బల్ల దగ్గర మా వదిన పని చేసేది.

మీకు తెలీదు, మీరు రాకముందే మానేసింది. మా అన్నయ్య పోయాక వదినా నేనూ ఒక్క ఇంట్లోనే ఉంటున్నాం. ఉద్యోగం నేనే ఇప్పించాను. షర్టు కాలరు చూసి, చేతులు చూసి, బొత్తాలు లాగి చూసి, పక్కకి తొయ్యడం. తేలిక పనే, కూర్చుని చేస్తే. ఆరేళ్లు నిలబడి చేసింది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి, ఒకరోజు ఇక్కడే, బల్ల దగ్గరే, ఒకటి చిట్లింది. చెప్పు నిండా రక్తం. షర్టుల మీద పడకుండా కాలు పక్కకి పెట్టుకుందట, పిచ్చిది.

ఇప్పుడు గుమ్మందాకా నడవాలన్నా గోడ పట్టుకుంటుంది. రోజూ సాయంత్రం నేను నూనె వెచ్చచేసి ఆవిడ కాళ్లకి రాస్తాను. ఆవిడ నోరు ఊరుకోదు. "ఆ బోర్డు పెట్టిన చేతులు పడిపోను! వాడి వంశం నిలబడే చావను!" అని రోజూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతుంది. నేను ఊఁ కొడతాను. ఆ చేతులతోనే నూనె రాస్తూ ఊఁ కొడతాను. "నువ్వే మంచిదానివే, కూతురున్నా ఇంత చెయ్యదు" అని మధ్యలో నన్ను దీవిస్తుంది కూడా.

ఇందాకటినుంచీ బల్లమీద పెన్నుతో కొడుతున్నారు, ఆపేశారు.

శనివారం ఆ పిల్ల కాగితం చదివాక నాకిక నిద్ర పట్టలేదు. ఆరేళ్లకి వదిన కాళ్లు అలా అయ్యాయంటే, కడుపుతో ఉన్న పిల్ల ఇంకా నాలుగు నెలలు నిలబడాలి. నేను రాసిన ముక్క కోసం. నేనే దాని అర్థం చెప్పి, నేనే వాడకం నేర్పి, వాక్యం రాయమంటే నాకే రాసిచ్చింది చూడండి. ఆ పిల్లకి తెలీదు, ఎవరికి రాస్తోందో.

అందుకని ఇవాళ పొద్దున్నే, మీ గదికి రాకముందే, చెకింగ్‌లోకి వెళ్లాను. గంట స్టూలేసింది, ఎక్కాను. మేకులు తుప్పు పట్టున్నాయి, ఇస్త్రీ ఆవిడ కత్తెరతో పీకింది. ఇదిగో. సంచిలోంచి తియ్యడానికి రావట్లేదు, మూల పట్టేసింది... ఆఁ. ఇదిగోండి. మీ బల్ల పాడవదులెండి, దుమ్మే.

ముందు కాదు, వెనక్కి తిప్పండి. తిప్పండి సార్, తేలు లేదు. ఆ అంటించిన చీటీ ఆయన చేతిరాతే. నేను ఏ పని చేసినా ఎవరు చెప్పారో ఆ చీటీ దాచుకుంటాను, పందొమ్మిదేళ్లూ అదే అలవాటు. చదవండి. కాస్త గట్టిగా. చదవలేరా? నేను చదువుతాను. "గురువారం ఒక్కరోజుకి మాత్రమే." కింద సంతకం, తేదీ. తొమ్మిదేళ్లు అందరూ దీని మొహం చూసి భయపడ్డారు కానీ, ఒక్కరు కూడా దీని వీపు చూడలేదు.

ఇప్పుడు చెప్పండి. లేని రూలుని ఎగతాళి చేసిందని ఆ పిల్లని తీసేస్తారా? తీస్తే కాగితం మీద ఏమని రాస్తారు? నాకు టైపు చెయ్యడం వచ్చు, చెప్పండి, నేనే కొట్టి ఇస్తాను.

క్లాసు మూసేస్తారా? మూసెయ్యండి. కానీ ఎల్లుండి గురువారం. కొనేవాళ్లు మళ్లీ వస్తున్నారటగా, ఈసారి వాళ్లు నా క్లాసు చూడాలని కబురు కూడా పెట్టారటగా. గోడమీద ఫోటో చూపించి సరిపెడతారా? క్లాసుంటే మాత్రం ఇరవై ఒక్కమందీ లేచి వాళ్ల వాళ్ల వాక్యాలు చదువుతారు. నేనేం దాచను. పొద్దున బోర్డు దించగానే ఆ చీటీకి మూడు కాపీలు తీయించాను, టైపిస్టు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇది బెదిరింపా అంటే, మీ ఇష్టం, అలాగే అనుకోండి. ఇన్నేళ్లూ ఊఁ కొట్టాను, ఇవాళ ఉఁహూఁ అంటున్నాను.

అటు చూడండి, అద్దంలోంచి. స్టూళ్లు గోడౌన్‌లోంచి వాళ్లే మోసుకొచ్చారు. కొన్నిటికి కాళ్లు ఊగుతున్నాయి, కింద అట్టముక్కలు పెట్టుకున్నారు. మీ సూపర్‌వైజరు గోడవంక చూస్తూ నిలబడ్డాడు. మేకుల గుర్తులు తప్ప అక్కడేం లేవు. వాళ్లందర్లో ఆ పిల్ల ఎవరో పోల్చుకోండి, చూద్దాం! అందరూ కూర్చునే ఉన్నారు, అందరి చేతులూ ఆడుతున్నాయి. పని ఎక్కడా ఆగలేదు.

ఏంటీ? కూర్చోమంటున్నారా? నన్నా?

వద్దులెండి సార్. బతికించారు, ఆ మాటన్నా అన్నారు. నేను వెళ్లాలి. మీతో చెప్పడం ఏముంది, తలుపులేసున్న గది, ఫ్యానుంది, మీరు నాకేమీ కారు. సాయంత్రం ఇంటికెళ్లి నూనె గిన్నె పక్కన పెట్టి ఆవిడతో చెప్పాలి. వదినా, ఆ చేతులు ఇవే అని. ఈ నూనె చేతులే అని.

వింటుందో, గిన్నె నా మొహాన కొడుతుందో, బయటికి పొమ్మంటుందో. పొమ్మంటే గుమ్మంలో నిలబడతాను. ఆవిణ్ణి ఆరేళ్లు నిలబెట్టినదాన్ని, ఒక్క సాయంత్రం నేను నిలబడలేనా?